పట్టా, మన్నికా?

అబ్బాయి: కారుకీ రోడ్డుకీ మధ్య ఉండేది నాలుగు అరచేతులంత రబ్బరు, బాబాయ్. ఏబీఎస్ ఉన్నా, ఆరు ఎయిర్‌బ్యాగులున్నా, బ్రేకు తొక్కాక బండిని ఆపాల్సింది ఆ రబ్బరే. అందుకే ఈసారి పాత సైజులోనే, 195/55 ఆర్16లోనే, పర్ఫార్మెన్స్ రకం వేయించాను. రేసు టైర్లేం కావు. రోజూ తిరిగే కార్ల కోసం చేసినవే. కాకపోతే మన్నిక కంటే పట్టును ముందు చూసుకుని చేసినవి. ధర ఒకటిన్నర రెట్లయింది. 30,000 కిలోమీటర్లు దాటితే గొప్పేనని షాపాయన ముందే చెప్పాడు. తెలిసే వేయించాను.

బాబాయి: తెలిసి చేశావు గనకే నీతో వాదించబుద్ధవుతోంది. నేను ట్రావెల్స్ బండి తిప్పి బతికేవాణ్ణి. హైదరాబాదు ఎయిర్‌పోర్టు, ఒంగోలు ఆసుపత్రులు, గుంటూరు మిర్చి యార్డు, తిరపతి. ఎండకి ఆగనూ లేను, వానకి రాననీ లేను. టైరంటే నాకు నాలుగు సంగతులు. 50,000 నడవాలి. గతుకులో పడితే పక్కగోడ తట్టుకోవాలి. సర్కారు తుమ్మ ముల్లు దిగితే రోడ్డు పక్క షాపులో పంచరు వేయించుకోగలగాలి. పాడైతే అద్దంకిలోనే దొరకాలి. నీ టైరు వీటిలో ఎన్నింటికి నిలుస్తుంది?

అబ్బాయి: పంచరుకు నిలుస్తుంది. ఏ ట్యూబ్‌లెస్‌కైనా అది ఒకటే. మిగతా మూడింటిలో నీదే పైచేయి, కాదనను. కానీ నీ నాలుగు సంగతుల్లో ‘ఆగాలి’ అన్నది లేదు చూశావా?

బాబాయి: ఆగుతున్నాయి గనకే చెప్పలేదు. ఇన్నేళ్లూ ఆగాయి.

అబ్బాయి: పొడి రోడ్డు మీద ఆగాయి. తడి రోడ్డు సంగతి మాట్లాడదాం. మార్టూరు, బల్లికురవ వైపు గ్రానైట్ లారీల నుంచి రాలిన పొడి నెలల తరబడి రోడ్డు మీద పేరుకుంటుంది. దాంట్లో ఇంజను ఆయిలు కలుస్తుంది, అరిగిన టైర్ల నుసి కలుస్తుంది. మొదటి జల్లు దాన్ని కడిగెయ్యదు, జిగట చేస్తుంది. గట్టిగా గంటసేపు కొట్టిన వాన కంటే ఆ మొదటి పావుగంటే ప్రమాదం. ఇప్పుడు ఇంటర్‌లో చదివిన ఘర్షణ గుణకం గుర్తు చేసుకో. గంటకు 100 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. తడి రోడ్డు మీద 0.6 గుణకం ఇచ్చే టైరు బ్రేకు పట్టాక 66 మీటర్లలో ఆగుతుంది. 0.5 ఇచ్చే టైరుకు 79 మీటర్లు కావాలి. 13 మీటర్లే గదా అనిపిస్తుంది. మొదటి కారు పూర్తిగా ఆగిపోయిన చోటికి వచ్చేసరికి రెండో కారు వేగం ఎంతుంటుందో తెలుసా? ఇంకా 40 కిలోమీటర్లు. 40లో మనిషిని గుద్దితే ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు.

బాబాయి: లెక్క బాగుంది. అదే లెక్క నాకూ వెయ్యి. నాసిరకం అంటున్న ఆ 0.5 టైరే నాకివ్వు. వేగం మాత్రం 90 పెట్టు.

అబ్బాయి: 64 మీటర్లు.

బాబాయి: చూశావా. నీ ఖరీదైన టైరు 100లో ఆగేచోటు కంటే రెండు మీటర్లు ముందే ఆగాను. పైసా ఖర్చు లేదు, డీజిలు కూడా మిగిలింది. నువ్వు ఒక సంగతి వదిలేశావు కూడా. కన్ను చూసి, కాలు బ్రేకు మీదికి పొయ్యేలోపు ఒక సెకను గడుస్తుంది. ఆ సెకనులో నువ్వు 28 మీటర్లు పోతావు, నేను 25. అక్కడా లాభం నాదే. ఆగే దూరం వేగానికి వర్గంగా పెరుగుతుందని నీ ఇంటర్ పుస్తకంలోనే ఉంది గదా. డబ్బు పెట్టి కొన్న పట్టునంతా యాక్సిలరేటరు మీద కాలు కాస్త వదులు చేసి సంపాదించుకోవచ్చు.

అబ్బాయి: నీ 90కి నా టైరు కలిపితే 53 మీటర్లు. ఒకదానికి బదులు ఇంకోటి అని ఎందుకనుకోవాలి? రెండూ ఉంచుకోవచ్చు గదా.

బాబాయి: ఉంచుకోవచ్చు. ఉంచుకోరు. నా అసలు అభ్యంతరం అక్కడే ఉంది. పట్టున్న టైరు చేతికి తెలుస్తుంది. స్టీరింగు ఎంత తిప్పితే బండి అంతే తిరుగుతుంది. తిరుగుతున్నకొద్దీ ధైర్యం వస్తుంది. ఆ ధైర్యం మలుపులో పది కిలోమీటర్లు పెంచుతుంది. టైరు ఇచ్చిన మిగులును కాలు ఖర్చు పెట్టేస్తుంది. కొత్తవి వేయించాక పిడుగురాళ్ల వైపు మలుపుల్లో నువ్వు మునుపటి వేగంతోనే తిరుగుతున్నావా? నిజం చెప్పు.

అబ్బాయి: లేదు. ఎక్కువే తిరుగుతున్నాను. శబ్దం పెరగదు, బండి ఊగదు, అందుకని వేగం పెరిగిన సంగతే తెలియదు. నీ మాటలో బలం ఉంది. కానీ దాన్ని చివరిదాకా లాగితే ఏబీఎస్ కూడా వద్దనాలి. 2019 ఏప్రిల్ నుంచి కార్లకు ఏబీఎస్ తప్పనిసరి చేసినప్పుడు ఎవరూ అలా అనలేదు. పైగా ఏబీఎస్ చేసేది చక్రం బిగుసుకుపోకుండా చూడటమే. టైరులో లేని పట్టును అది పుట్టించలేదు.

బాబాయి: నేను వద్దనడం లేదు. ముందు ఏది, తర్వాత ఏది అని అడుగుతున్నా. 2018 ఆగస్టు 29న నందమూరి హరికృష్ణ గారు ఇదే నార్కెట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద, అన్నేపర్తి దగ్గర పోయారు. కావలిలో పెళ్లికని బయల్దేరిన మనిషి. ఆ రోజు పోలీసులు మాట్లాడింది వేగం గురించీ, సీటు బెల్టు గురించీ. టైర్ల గురించి కాదు. వెనక సీట్లో బెల్టు పెట్టుకోమంటే నా బండిలో ఇప్పటికీ మొహం అదోలా పెడతారు. ఆ బెల్టు బిగించకుండా టైరు మీద పన్నెండు వేలు ఎక్కువ పెట్టడంలో నాకు వరస కనిపించదు.

అబ్బాయి: వరస నీదే సరైంది. మొదట బెల్టు, తర్వాత వేగం, ఆ తర్వాతే టైరు. కానీ బెల్టు కాపాడేది బండిలో ఉన్నవాళ్లను. జనవరి నుంచి మిరప కోతలు మొదలవుతాయి. తెల్లవారుజామున ఒక్కో ఆటోలో పదీ పన్నెండు మంది ఆడవాళ్లు వేలాడుతూ కోతకు పోతారు. వెనక దీపం ఉండదు, ఉన్నా వెలగదు. పొగమంచు. నీ బ్రేకు ఆలస్యమైతే నీకు ఎయిర్‌బ్యాగు ఉంది. వాళ్లకేముంది? టైరుకు డబ్బు పెట్టేవాడు ఒకడు, ఆ టైరు ఆగకపోతే దెబ్బ తినేవాళ్లు ఇంకొకళ్లు. నేను కొనేది నా కోసమే అయితే నువ్వన్న లెక్కలన్నీ ఒప్పుకునేవాణ్ణి.

బాబాయి: ఆ మాటకు విలువ ఇస్తాను. కానీ వాళ్ల కోసమే అయితే ఇంకో దారి చెబుతా. నీ నాలుగు టైర్లకు ఎక్కువ పెట్టిన డబ్బుతో మన ఊళ్లో ఆటోలన్నిటికీ, పత్తి తోలే ట్రాక్టరు ట్రక్కులన్నిటికీ వెనక రిఫ్లెక్టరు స్టిక్కర్లు అంటించొచ్చు. నీ ఒక్క కారు నుంచే కాదు, దారిన పొయ్యే ప్రతి లారీ నుంచీ కాపాడినట్టవుతుంది.

అబ్బాయి: అంటిద్దాం. నాది కాదన్న పని కాదది. కానీ నువ్వు ఇప్పటిదాకా చెప్పినవన్నీ టైరుకు బదులు ఇంకేదో. వేగం తగ్గించు, బెల్టు పెట్టు, స్టిక్కరు అంటించు. నీ 90 ఎప్పటిదాకా ఉంటుంది? విమానం తప్పిపోతుందని వెనక సీటు నుంచి తొందర పెడుతుంటే 90లోనే పోతావా? గుండె నొప్పి మనిషిని ఒంగోలు తీసుకుపోతూ మేదరమెట్ల దగ్గర వాన అందుకుంటే?

బాబాయి: పోలేను. అక్కడ దొరికాను నీకు. కిరాయి బండిలో వేగం సగం నా చేతిలో ఉంటుంది, సగం ఎక్కినవాళ్ల చేతిలో ఉంటుంది. సరే, నువ్వు నా రోడ్డుకు రా ఇప్పుడు. నార్కెట్‌పల్లి నుంచి మేదరమెట్ల దాకా 212 కిలోమీటర్ల పైచిలుకు నాలుగు వరుసలు. దాని మీద నీ టైరు రాజే. దిగాక? నేను దింపాల్సినవాళ్లు ఊళ్లల్లో ఉంటారు. కింద నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. మీద వేసిన తారు అలలు తేలి, అంచులు విరిగి పడిపోతాయి. ఎదురుగా పత్తి బోరేల ట్రాక్టరు రోడ్డంతా ఆక్రమించి వస్తే ఎడమ చక్రాలు దించక తప్పదు. మళ్లీ ఎక్కేటప్పుడు ఆ విరిగిన అంచు పక్కగోడను కోస్తుంది. అక్కడ తడిపట్టు నాకేం పనికొస్తుంది?

అబ్బాయి: అక్కడ పనికొచ్చేది పక్కగోడ ఎత్తు. నాది 107 మిల్లీమీటర్లు. నీది 185/65 ఆర్15, కాబట్టి 120. వేలెడు తేడా కూడా లేదు. నువ్వు భయపడుతున్నది పట్టు రబ్బరును చూసి కాదు, సన్న టైరును చూసి. చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు. పర్ఫార్మెన్స్ అనగానే 17 అంగుళాల అలాయ్ రిమ్ము, 205/45 టైరు ఎక్కిస్తారు. పక్కగోడ 92 మిల్లీమీటర్లకు పడిపోతుంది. మన ఊళ్ల రోడ్లకు అది తగదని ఎవరు చెప్పినా నేను ఒప్పుకుంటాను. నేను కంపెనీ ఇచ్చిన సైజు మార్చలేదు.

బాబాయి: నువ్వు మార్చలేదు. మార్చినవాళ్లను చూశాను. రాత్రిపూట సంతమాగులూరు దాటాక గోతిలో పడితే పక్కగోడకు గుబ్బ లేచింది. గుబ్బ లేచిందంటే లోపలి దారాలు తెగినట్టే. దానికి పంచరు వెయ్యరు, తీసి పారెయ్యాల్సిందే. గోతిలో పడిందంటే వారంటీ కూడా చెల్లదంటారు. స్టెప్నీ తీద్దామంటే చిన్న సైజు. కొన్ని కొత్త కార్లకు ఆ స్టెప్నీ కూడా ఉండటం లేదు. గాలి ఎంతుందో చెప్పే టీపీఎంఎస్సూ, పంచరు కిట్టూ ఇస్తే స్టెప్నీ అక్కర్లేదని 2020లోనే రూలు మార్చారు. కోసుకుపోయిన పక్కగోడకు పంచరు కిట్టు ఏం చేస్తుంది? పొద్దున్నే షాపులు తెరిచాక ఆ సైజు అద్దంకిలో లేదు, ఒంగోలుకు ఫోను. ఒంగోలులో లేదు, విజయవాడకు ఫోను. బండి రెండ్రోజులు కదల్లేదు. నాకు రెండ్రోజులు బండి కదలకపోతే నెల కిస్తీ కదులుతుంది.

అబ్బాయి: దొరకడం కష్టమే. 2020 జూన్‌లో టైర్ల దిగుమతికి లైసెన్సు పెట్టాక బయటి నుంచి వచ్చే రకాలు తగ్గాయి. ఇక్కడే చేసేవి మాత్రం పెరిగాయి. మన తిరుపతి జిల్లా చినపాండూరులో అపోలో ఫ్యాక్టరీ ఆ ఏడాదే మొదలైంది. సదాశివపేటలో ఎమ్మారెఫ్ ఎప్పటినుంచో ఉంది.

బాబాయి: ఫ్యాక్టరీ ఉంటే సరిపోదు. షాపువాడు అమ్ముడుపొయ్యేదే పెట్టుకుంటాడు. అద్దంకిలో అమ్ముడుపొయ్యేది నా సైజు, నా రకం.

ఇంకో సంగతి. వాన మన దగ్గర ఏడాదిలో ఎన్ని రోజులు? మిగతాదంతా ఎండ. రెంటచింతల పక్కన ఉన్నాం మనం. మేలో తారు మీద కాలు పెట్టలేం, 60 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో టైరు పేలి పోయినవాళ్ల గురించి నీ తడిపట్టు లెక్క ఏం చెబుతుంది? టైరును చంపేది ఎండ కాదబ్బాయ్, ఎండలో తక్కువ గాలి. గాలి తగ్గితే పక్కగోడ ప్రతి చుట్టులోనూ ఎక్కువ మడత పడుతుంది, లోపల వేడి పుడుతుంది. మనవాళ్లు ఏం చేస్తారో చూశావుగా. మధ్యాహ్నం హైవే మీద వంద కిలోమీటర్లు నడిపి బంకులో గాలి చూపిస్తారు. వేడికి 33 కాస్తా 37, 38 చూపిస్తుంది. ఎక్కువైందని తీయించేస్తారు. చల్లారాక అది 28, 29. ఖరీదైన టైరు వేయించినవాళ్లూ ఇదే చేస్తారు. నేను తెల్లారగట్ల బండి తియ్యకముందే నా గేజితో చూసుకుంటా. గేజి ఖరీదు ఎంత?

అబ్బాయి: దీనికి ఎదురు చెప్పను. పైగా నీ వాదనకే ఇంకో ఆధారం ఇస్తాను. నీళ్లు నిలిచిన రోడ్డు మీద టైరు తేలిపొయ్యే వేగం గురించి 1960లలో నాసావాళ్లు విమానాల టైర్ల మీద పరీక్షలు చేసి ఒక సూత్రం చెప్పారు. ఆ సూత్రంలో ఉన్నది గాలి పీడనమే. 33 పౌండ్లుంటే దాదాపు 95 కిలోమీటర్ల వేగంలో తేలుతుంది. 25కు పడిపోతే 83లోనే తేలుతుంది. అంటే నీ గేజి వానలోనూ పనికొచ్చేదే. కానీ అది లోతు నీళ్లలో, గుండైపోయిన టైరుకు చెప్పిన లెక్క. గాళ్లు లోతుగా, వెడల్పుగా ఉండి నీళ్లను పక్కకు తోసేస్తే ఆ వేగం ఇంకా పైకి పోతుంది. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు గుర్తుందా? అలాంటి రోజుల్లో నీ టైరులో ఎంత గాడి మిగిలి ఉంటుందన్నదే ప్రశ్న. 50,000 నడిచే టైరును మనవాళ్లు 60,000 నడిపిస్తారు.

బాబాయి: ఆ రోజు నేను బండి తియ్యలేదు. కానీ నువ్వన్నది నిజం. కొంతమంది గుండు టైరయ్యేదాకా తిప్పుతారు.

అబ్బాయి: ఎండ సంగతి ఇంకోవైపు నుంచి చూడు. మన్నికైన టైరు ఎక్కువ కాలం బతుకుతుంది, అదే దాని జబ్బు. మా నాన్న కారు చూడు.

బాబాయి: మా అన్నయ్య బండికేం? ఏడాదికి 6,000 కూడా తిరగదు. టైర్ల మీద బటన్లు కొత్తవాటిలా ఉన్నాయి.

అబ్బాయి: పక్కగోడ మీద చివరి నాలుగు అంకెలు చదివావా? మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అవి ఎనిమిదేళ్ల కిందట తయారైనవి. కారు కల్లం పక్కన ఎండలో ఉంటుంది. రబ్బరు గట్టిపడి సన్న నెర్రెలు వచ్చాయి. లోతుంది, పట్టు లేదు. మొన్న జల్లుకు గేటు ముందు స్పీడ్ బ్రేకరు దగ్గర, 30లో కూడా లేదు, జరజరా జారింది. ఐదారేళ్లు దాటాక ఏటా చూపించుకోవాలనీ, పదేళ్లు దాటితే ఎలా ఉన్నా తీసెయ్యాలనీ పెద్ద కంపెనీలే చెబుతాయి. ఇప్పుడు లెక్క వెయ్యి. ఏడాదికి 6,000 తిరిగే మనిషికి నా రకం టైరు 30,000 ఇస్తే ఐదేళ్లు. అంటే రబ్బరు ముదిరే సమయానికి గాడి కూడా అయిపోతుంది. నీ రకం 50,000 ఇస్తుందని కొంటే ఎనిమిదేళ్లు దాటాలి. ఆ చివరి మూడేళ్ల మన్నికకు డబ్బు కట్టాడు గానీ, దాన్ని వాడుకుంటే ప్రమాదం. తక్కువ తిరిగేవాడికి మన్నిక వృథా.

బాబాయి: ఈ మాట నాకు తట్టలేదు. అన్నయ్యకు చెబుతాను, రేపే తీయించెయ్యమంటాను. కానీ నువ్వే చెప్పిన ఈ లెక్కను తిప్పి చూడు. నేను నెలకు 5,000 తిరుగుతా. నా టైరు పది నెలల్లో అయిపోతుంది, ముదిరే అవకాశమే లేదు. అంటే నీ టైరు లెక్కకు సరిపోయేది ఎవరికి? తక్కువ తిరిగేవాళ్లకు. రోడ్డు మీద తక్కువ ఉండేవాళ్లకు ప్రమాదం కూడా తక్కువే. రాత్రీ పగలూ, వానలో, పరాయివాళ్లను కూర్చోబెట్టుకుని తిప్పేది మేం. ఆ పట్టు అవసరమైంది మాకు. మా లెక్కకే అది సరిపోదు.

అబ్బాయి: ఎంత తేడా వస్తుంది?

బాబాయి: నా సెట్టు 24,000 అనుకో. 50,000 నడిస్తే కిలోమీటరుకు 48 పైసలు. నీ సెట్టు 36,000, నడిచేది 30,000. కిలోమీటరుకు రూపాయి ఇరవై. తేడా 72 పైసలు. నెలకు 3,600 రూపాయలు. 2025 సెప్టెంబరు 22న టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగాక వేసిన లెక్క ఇది. అంతకుముందు ఇంకా ఎక్కువ. కిస్తీ, ఇన్సూరెన్సు, టోలు, డీజిలు పోగా నాకు మిగిలేదాంట్లో 3,600 చిన్నది కాదు. పైగా నా టైరు చట్టానికి లోబడినదే. తడిపట్టుకు కనీసం ఇంత ఉండాలని 2022లో కేంద్రం రూలు తెచ్చింది. అది దాటితేనే అమ్మనిస్తారు.

అబ్బాయి: దాటేది కొత్తగా ఉన్నప్పుడు. సగం అరిగాక ఎలా ఉందో మన దగ్గర ఎవరూ చూడరు. యూరప్‌లో 2024 జులై నుంచి కొత్తగా తెచ్చే కారు టైర్ల రకాలకు అరిగిన స్థితిలో కూడా తడిపట్టు పరీక్ష పెట్టారు. అరిగాకే అసలు సంగతి బయటపడుతుందని వాళ్లు ఒప్పుకున్నట్టు. ఇంకోటి, పట్టుంటే మైలేజీ పడిపోతుందని అనుకుంటారు. అది పాత మాట. 1992లో మిషెలిన్ టైరు రబ్బరులో నల్లపొడికి బదులు సిలికా కలిపింది. తడిపట్టు తగ్గకుండానే డీజిలు ఆదా అయ్యింది. లొంగనిది అరుగుదల ఒక్కటే.

బాబాయి: నన్ను బాధ పెట్టేది ఆ ఒక్కటే. అందుకే మధ్యలో ఒక దారి చూసుకున్నా, నీ టైరు లేకుండానే. కొత్త టైరు గాడి 8 మిల్లీమీటర్లు. 1.6 దగ్గర గుర్తు కనపడేదాకా నడపొచ్చని రూలు. నేను 3 దగ్గరే తీసేస్తే? వాడుకునే 6.4లో 5 వాడినట్టు. 50,000 కాస్తా 39,000 అవుతుంది. కిలోమీటరుకు 48 పైసలు 61 అవుతాయి. 13 పైసలతో, నీళ్లు బయటికి పొయ్యే గాడి ఎప్పుడూ ఉంటుంది. 72 ఎక్కడ, 13 ఎక్కడ?

అబ్బాయి: అది అందరూ చెయ్యాల్సిన పని. నిలిచిన నీళ్లకు అది జవాబు. కానీ గ్రానైట్ పొడి మీద పడ్డ మొదటి జల్లుకు గాడి లోతు ఏం చేస్తుంది? అక్కడ నీళ్లు లేవు, జిగట ఉంది. పట్టాల్సింది రబ్బరు. అదీగాక రోడ్డు మారబోతోంది. కొడికొండ నుంచి మన ముప్పవరం దాకా ఆరు వరుసల రోడ్డు వేస్తున్నారు, బెంగళూరు దారి. ఎక్స్‌ప్రెస్‌వేల మీద కార్లకు 120 దాకా పోనిస్తూ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చారు. మేలో, 60 డిగ్రీల రోడ్డు మీద, గంటల తరబడి 120. నీ 13 పైసలు అక్కడ చాలుతాయా?

బాబాయి: నా టైరు మీద టీ అక్షరం ఉంది. 190 దాకా తట్టుకుంటుందని.

అబ్బాయి: కొత్తగా, సరైన గాలితో, పరీక్షశాలలో. నాది వీ, 240. నేను 240 పోను. 120లో నాకు ఎంత మిగులు ఉందన్నదే దాని అర్థం.

బాబాయి: ఆ మిగులునే కాలు ఖర్చు పెడుతుందని ఇందాక నువ్వే ఒప్పుకున్నావు. అయినా కాసేపు నీ దారికే వస్తా. ఆ 72 పైసలు ఎవరిస్తారు? హైదరాబాదు ట్రిప్పుకు 280 కిలోమీటర్లనుకో. రెండు వందల రూపాయలు.

అబ్బాయి: నలుగురెక్కితే మనిషికి యాభై. నేను ఎక్కినప్పుడు నేనిస్తాను.

బాబాయి: నువ్విస్తావు. మిగతావాళ్లు టోలు ఎవరు కట్టాలన్న దగ్గరే బేరం మొదలుపెడతారు. ఏసీ వేస్తావా అంటారు, సీట్లు వెనక్కి వాలతాయా అంటారు. టైర్లు ఏ సంవత్సరానివని ఒక్కరూ అడగలేదు. రూపాయి తక్కువకు వస్తాననే బండి స్టాండులో నా పక్కనే ఉంటుంది, దాని టైర్లు నావాటికంటే అధ్వానం. నేను నీ రకం వేయించి రేటు పెంచితే ప్యాసింజరు దాంట్లోకి ఎక్కుతాడు. అప్పుడు రోడ్డు మీద మంచి టైరు పెరిగినట్టా, తగ్గినట్టా?

అబ్బాయి: తగ్గినట్టే. దానికి నా దగ్గర జవాబు లేదు. ఫిట్‌నెస్ చూసేటప్పుడు గాడి కొలిచి, తేదీ చూసి కచ్చితంగా ఉంటే స్టాండులో అందరి ఖర్చూ ఒకేసారి పెరుగుతుంది, ఒక్కడు నష్టపోడు. అది మన చేతిలో లేదు. సరే, సగం చెయ్యి బాబాయ్. నాలుగూ వద్దు, రెండు వేయించు.

బాబాయి: రెండైతే ఆలోచిస్తా. ముందు వేయిస్తా. లాగేవీ, తిప్పేవీ అవే.

అబ్బాయి: వెనక వెయ్యాలి. ముందు పట్టు తప్పితే బండి నేరుగా పోతుంది, కాలు తీస్తే మళ్లీ దారికొస్తుంది. వెనక తప్పితే బొంగరం తిరుగుతుంది, అప్పుడు నీ అనుభవం కూడా పనిచెయ్యదు. రెండే కొంటే మంచివి వెనకే వెయ్యమని టైరు కంపెనీలన్నీ చెప్పేది అందుకే.

బాబాయి: ఇన్నేళ్లూ అందరం ముందే వేస్తున్నాం గదరా.

అబ్బాయి: వేస్తున్నాం. పొడి రోడ్డు గనక బయటపడటం లేదు.

బాబాయి: అయితే ఒకటి చెప్పు. బ్రేకు తొక్కినప్పుడు బరువంతా ముందు చక్రాల మీద పడుతుంది. ఆపేది ఎక్కువగా అవే. నీ మాట విని పట్టున్నవి వెనక వేయిస్తే, ముందు నా పాత రకమే ఉంటుంది. అప్పుడు నువ్వు చెప్పిన 66 మీటర్లలో నేను ఆగుతానా?

అబ్బాయి: ఆగవు. 79కే దగ్గరగా ఉంటావు.

బాబాయి: అంటే కోతకు పొయ్యే ఆటో ఎదురుగా ఉంటే నా డబ్బు వృథా. బండి తిరగబడకుండా ఉండటానికే పనికొస్తుంది.

అబ్బాయి: నాలుగూ వేయిస్తేనే రెండూ దక్కుతాయి.

బాబాయి: నాలుగూ వేయిస్తే నెలకు 3,600. మళ్లీ మొదటికొచ్చావు. వెనక రెండూ మారుస్తాను, ముందువి 3 మిల్లీమీటర్ల దగ్గర తీసేస్తాను, వానొస్తే 80 దాటను. దీనికంటే ఎక్కువ నా కిరాయి ఇవ్వదు.

అబ్బాయి: విమానం తప్పిపోతుందని వెనక నుంచి అరిచినా 80 దాటవా?

బాబాయి: ఆ ప్రశ్న నన్నొక్కణ్ణే అడగొద్దు. నువ్వు ఎక్కిన రోజు నిన్ను నువ్వు అడుగు.